కంప్యూటర్లో ఎండిన కంది చేను

పంటల మోడలింగ్ అంటే ఏమిటని, నేను ఉద్యోగంలో చేరిన రోజు నుంచీ మా నాయన అడుగుతూనే ఉన్నాడు. గిద్దలూరు దగ్గర మాది మెట్ట సేద్యం. కంది, సజ్జ, కాలం బాగుంటే కాస్త మిరప. కూతురు వ్యవసాయ శాస్త్రం చదివింది కాబట్టి మంచి విత్తనమో, పురుగుకు మందో తెచ్చిస్తుందని ఆయన ఆశ. నేనేమో వాతావరణం మారితే ఇంకో ముప్పై ఏళ్లకు మన వైపు కంది ఎంత పండుతుందో కంప్యూటర్లో చూస్తున్నానని చెప్పాను.

"అంటే జోస్యమా?" అన్నాడు.

"జోస్యం కాదు నాయనా. లెక్క."

"లెక్క తప్పితే?"

"సరిచేసుకుంటాం."

"మీరు సరిచేసుకుంటారు సరే. నీ మాట ఇని ఎవరన్నా సేద్యం చేసింటే, వాళ్లేం కావాల?"

అప్పుడు నవ్వేసి ఊరుకున్నాను. ఇప్పుడు రిటైరై ఇంట్లో కూర్చున్నాక, ఈ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలకు ఏం చెప్పాలా అని ఆలోచిస్తే ఆ ప్రశ్నే ముందుకొస్తోంది. నా ప్రమోషన్ల సంగతి రాయను. వాటివల్ల కుర్చీ మారింది తప్ప బుర్ర మారలేదు. నా బుర్ర మార్చింది హనుమంతునిపాడు వైపు ఒక ఊళ్లో భార్యాభర్తలు, ఒక వానమాపకం చూసే మనిషి, మా పెద్ద సారు. వాళ్ల గురించే రాస్తాను.

పని అంటే ఇదీ

మార్కాపురం దగ్గర ఒక చిన్న కేంద్రంలో పనిచేశాను. మోడల్ అంటే భయపడాల్సిందేమీ లేదు. అది కంప్యూటర్లో వేసిన చేను. నేల ఎంత లోతుంది, ఎంత నీరు పట్టి ఉంచుతుంది, ఏ రకం విత్తనం, ఏ రోజు విత్తారు అన్నవి ముందు చెప్పాలి. ఆ తర్వాత ప్రతి రోజుకూ ఎండ ఎంత, పగటి వేడి ఎంత, రాత్రి వేడి ఎంత, వాన ఎంత అని అందిస్తూ పోవాలి. అది రోజుకో ఆకు వేస్తూ, వేరు దించుతూ, పూత పూసి, కాయ కాసి, చివర్లో దిగుబడి చెబుతుంది. ముందు గడిచిన ఏళ్ల మీద నడిపి చూస్తాం. నిజంగా పండిన పంటకు దగ్గరగా వస్తే దాన్ని నమ్ముతాం. అప్పుడు వేడి కాస్త పెంచి, గాలిలో బొగ్గుపులుసు వాయువు పెంచి, వాన తీరు మార్చి, రాబోయే రోజుల్లో పంట ఏమవుతుందో అడుగుతాం.

మా పెద్ద సారు తెనాలి వైపు మనిషి. తెల్లచొక్కా నలగకుండా చేలో తిరగగలిగిన వాణ్ణి ఆయన్నొక్కణ్ణే చూశాను. గీతలు నున్నగా రాని గ్రాఫు చూపిస్తే ఆయనకు అన్నం సయించేది కాదు. అది ఆయన బలహీనత. మేమూ ఆయన సంతోషం కోసం గీతలు నున్నగా వచ్చేదాకా కుస్తీ పట్టేవాళ్లం. అది మా బలహీనత. కానీ కొత్తగా చేరిన ప్రతివాళ్లకూ ఒక మాట చెప్పేవాడు. "రైతు మోడల్ మాట వినడమ్మా. నీ మాట వింటాడు. నువ్వు మాట్లాడేటప్పుడు అది గుర్తుంచుకో."

గుర్తుంచుకున్నాననే అనుకున్నాను.

వాన తీరు మారిపోయిందన్నాం

హనుమంతునిపాడు వైపు ఒక ఆఫీసు ఆవరణలో వానమాపకం ఉండేది. పైన గరాటు, లోపల సీసా. రోజూ పొద్దున సీసాలో పడిన నీళ్లు కొలిచి రిజిస్టర్లో రాస్తారు. చాలా ఏళ్ల రిజిస్టర్లు దొరికాయి. వాటిని ఎక్కించి చూస్తే ఒక విషయం కొట్టొచ్చినట్టు కనబడింది. పాత రోజుల్లో వాన కొంచెం కొంచెంగా ఎక్కువ రోజులు పడేది. ఈ మధ్య ఏళ్లలో వాన పడే రోజులు తగ్గాయి, పడిన రోజు కుమ్మేస్తోంది. ఏడాది మొత్తం మాత్రం పెద్దగా మారలేదు.

వేడెక్కుతున్న వాతావరణంలో వాన ఇలాగే మారుతుందని పుస్తకాలన్నీ చెబుతున్నాయి. అది మా వైపు రిజిస్టర్లోనే దొరికేసరికి మాకు పండగే అయింది. పెద్ద సారు స్వీట్లు తెప్పించాడు. జనం వానల్లేక ఏడుస్తుంటే మేం లడ్డూలు తిన్నాం. రాయడానికి సిగ్గుగా ఉంది, కానీ తిన్నాం.

మోడల్ పద్ధతి ఏమిటంటే, ఒక్క రోజులో పెద్ద వాన పడితే అందులో చాలా భాగం వాగుల పాలైందని లెక్క వేస్తుంది. అదే వాన రెండు రోజులుగా పడితే నేలలోకి ఇంకిందంటుంది. కాబట్టి మా కంప్యూటర్లో ఆ ప్రాంతం నేల ఏటికేడు దాహంతో ఉంది. రాబోయే కాలానికి పటం గీస్తే పడమటి మండలాలన్నీ కందికి పనికిరావని ఎర్రగా వచ్చాయి. ఆ పటం పై అధికారులకు నచ్చింది. ఆ వైపు కంది విత్తనం సరఫరా తగ్గించి వేరే పంటలకు మళ్లించాలా అని తేల్చడానికి వచ్చే వేసవిలో మీటింగ్ పెడతామన్నారు.

వెంగయ్య, కాశమ్మ

నేను ఎక్కువగా తిరిగిన ఊళ్లో వెంగయ్య అని రైతు. అరవై దాటిన మనిషి. నేను పెదనాయనా అంటే, ఆయన అమ్మా అనేవాడు. భార్య కాశమ్మ. వాళ్లకు నాలుగెకరాల నల్లరేగడి, ఒకే చెక్క. అందులో రెండెకరాలు ఆయనవి. రెండెకరాలు కాశమ్మకు ఆమె తండ్రి పసుపు కుంకుమల కింద ఇచ్చినవి. ఇద్దరిదీ ఒకే ఊరు కాబట్టి చేలు పక్కపక్కనే పడ్డాయి. ముందటేడు విత్తడం ఒక వారం ఆపమని నేను చెబితే వెంగయ్య ఆపాడు. మేలు జరిగింది. అప్పటి నుంచీ నా మాటంటే ఆయనకు గురి.

ఆ ఏడు వినాయక చవితి తర్వాత వానలు ఆగుతూ పడుతూ సాగాయి. దసరా దాటేసరికి కంది ఆకు రాల్చి దిగాలుగా ఉంది. నేను ఆ వానమాపకం అంకెలు పెట్టి మోడల్ నడిపి చూశాను. పూత నిలిచేలోపే నేలలో నీరు అయిపోతుందని, గింజ చేతికి రాదని చెప్పింది. రెండుసార్లు నడిపాను. రెండుసార్లూ అదే చెప్పింది. చెప్పదా మరి, పెట్టిన అంకెలవే కదా.

ఊరికి వెళ్లి, చేని గట్టున వెంగయ్యతో అన్నాను. "పెదనాయనా, కంది జనవరి దాకా నీళ్లడుగుతుంది. నేలలో లేవు. దున్నేసి, పైన తడి ఉండగానే శనగ వేసుకో. అదైనా దక్కుతుంది."

ఆయన చేను వైపు చూశాడు. "నువ్వు గట్టిగానే చెప్తాండావా అమ్మా?"

"గట్టిగానే."

కాశమ్మ గట్టు మీదున్న గడ్డపార తెచ్చి, కంది సాలు మధ్య తవ్వడం మొదలుపెట్టింది. మోచెయ్యంత లోతు తవ్వి, అడుగు మట్టి పిడికెడు తీసి పిసికి నా అరచేతిలో పెట్టింది. అది ముద్దయింది. చల్లగా ఉంది.

"ఇదేంది మరి?" అంది.

"ఇక్కడ పల్లంగా ఉండి నీరు దిగింటుంది పెద్దమ్మా. చేనంతా ఇట్లా ఉండదు."

"నాలుగు చోట్ల తవ్వి సూపిచ్చేదా?"

"వద్దులే" అన్నాను.

ఆ మాటకు ఇప్పటికీ నాలుక కొరుక్కుంటాను. నీళ్లున్నాయని అరచేతిలో నేలే చెబుతుంటే, లేవని సంచిలో ఉన్న కాగితం చెబుతోంది. నేను సంచిని నమ్మాను. ఆమె నాలుగు చోట్ల తవ్వితే గంట పట్టేది. నాకు మార్కాపురం బస్సు టైమవుతోంది.

కాశమ్మ గడ్డపార భుజానికెత్తుకుంది. "ఆయన చేను ఆయనిష్టం. మా నాయన నాకిచ్చిన రెండెకరాల్లో మాత్రం ట్రాక్టరు దిగేదానికి లేదు" అని భర్తకు చెప్పింది. నా వైపు చూడను కూడా లేదు.

వెంగయ్య తన రెండెకరాలూ ట్రాక్టరు రోటవేటర్‌తో దున్నించాడు. దున్నేసరికి ఉన్న పదును కాస్తా ఆరింది. శనగ మొలిచింది గానీ జానెడు ఎదిగి ఆగిపోయింది. గట్టుకు ఇవతల కాశమ్మ కంది మాత్రం వేరు లోతుకు దించి, ఉన్న నీటితోనే నెమ్మదిగా పూసి, కాసింది. కంటికి నిండుగా కాకపోయినా ఇంటికి సరిపడా, నలుగురికి అమ్మేంత పండింది. ఒకే నేల, ఒకే వాన. నడుమ ఉన్నది ఒక గట్టు, నా సలహా.

మస్తాన్ భాయ్ ఆదివారాలు

ఎక్కడ తప్పామో నాకు అంతుపట్టలేదు. నేల లోతు మార్చాను, వేరు లోతు మార్చాను, విత్తిన రోజు మార్చాను. ఏం చేసినా కంప్యూటర్లో కాశమ్మ కంది ఎండిపోతూనే ఉంది. రెండు నెలలు దాంతోనే గడిచాయి. పెద్ద సారు కూడా విసుక్కుని, "ఒక్క చేను కోసం ఎంతకాలం కూర్చుంటావమ్మా, అలాంటివి ఉంటాయిలే" అన్నాడు.

వేసవిలో ఒక ఆదివారం ఆ ఆఫీసున్న ఊళ్లోనే మా బంధువుల పెళ్లి. భోజనాల వేళ ఉన్నట్టుండి గాలివాన వచ్చి పందిరి ఎగిరిపోయింది. సాంబారులో వాన నీళ్లు కలిశాయి. పెళ్లికొడుకు మేనమామ బల్లకింద దూరి అక్కడే తిన్నాడు. సాయంత్రం కూడా మళ్లీ కురిసింది. మరుసటి రోజు పొద్దున కూడా ఓ జల్లు. తర్వాత ఏదో పనిమీద రిజిస్టర్ నకలు తెప్పించి చూస్తే, ఆదివారం పొద్దున సున్నా, అది సరే, వాన పడింది మధ్యాహ్నం కదా. ఆ ముందు ఆదివారం సున్నా. దానిముందుదీ సున్నా. అసలు ఆదివారం అన్న చోట వాన పడిన గుర్తే లేదు.  కంప్యూటర్లో వారాల పేర్లు పెట్టి వేరుచేశాను. రిజిస్టర్ ప్రకారం కొన్నేళ్లుగా ఆ ఊళ్లో ఆదివారం వాన పడలేదు. పండగ సెలవుల్లోనూ పడలేదు. సోమవారాలు మాత్రం కుండపోత.

వానమాపకం చూసే ఆయన మస్తాన్ భాయ్. మార్కాపురంలో ఇల్లు, రోజూ బస్సులో వచ్చిపోయేవాడు. మర్యాదస్తుడు. చేతిరాత ముత్యాల్లా ఉంటుంది. వెళ్లి మెల్లగా అడిగాను.

"ఆదివారం ఆఫీసుకు తాళం ఉంటాది గద మేడమ్" అన్నాడు. "సోమవారం పొద్దున్నే చూసి రాస్తా. నీళ్లు యాడికి పోతాయి, సీసాలోనే ఉంటాయి గద? పండగలొచ్చినా అంతే. ఒక్క చుక్క తక్కువ రాయలే, అల్లా సాక్షి."

నిజమే. ఒక్క చుక్క కూడా తక్కువ రాయలేదు. అందుకే ఏడాది మొత్తం సరిపోయింది. రెండు మూడు రోజుల వాన ఒక్క రోజు లెక్కలో పడింది, అంతే. మోడల్ దాన్ని వాగుల పాలు చేసింది.

"మరి మీకు ముందు చేసినాయన?"

"ఆయన ఆఫీసు ఎనకే కాపురం ఉండె. పొద్దున చెంబు పట్టుకోని పోతా పోతా ఆదివారం గూడా చూసి రాసేటోడు. ఏం మేడమ్, నేను తప్పు చేసినానా?"

ఆయన మొహం చూసి నాకు ఏడుపొచ్చినంత పనయింది. ఆదివారం కూడా చూడాలని ఆయనకు ఎవరూ చెప్పలేదు. ఆ అంకెలు ఎందుకో కూడా చెప్పలేదు. ఆయన రాసిన అంకెల మీద అన్నేళ్లు బతికిన నేను ఒక్కసారి కూడా ఆ సీసా ముందు నిలబడలేదు. మేం లడ్డూలు తిని పండగ చేసుకున్న మార్పు చాలావరకు ఒక మనిషి పోయి ఇంకో మనిషి రావడం. "తప్పు మీది కాదు మస్తాన్ భాయ్, నాది" అన్నాను. ఆయన టీ తాగందే పోనివ్వలేదు.

ఆ తర్వాత ఆయనే గేటు తాళంచెవి ఒకటి అడిగి తీసుకున్నాడు. సెలవు రోజున కూడా బైకు మీద వెళ్లి చూసేవాడు. మొదటిసారి ఫోన్ చేసి, "ఆదివారం వాన మేడమ్!" అని సంబరంగా అరిచాడు. రిటైరయ్యేదాకా ఆ అరుపు కోసం నేను ఎదురుచూశాను.

పెద్ద సారు దగ్గరికి వెళ్లి చెప్పాను. ఆయన అంతా విని కళ్లద్దాలు తుడుచుకున్నాడు. మీటింగ్ వారంలో ఉంది.

"పటం మీద ఎవరి సంతకం ఉందమ్మా?" అన్నాడు.

"మీదే సార్."

"అయితే నేనే వెళ్లి తప్పని చెబుతాను. నువ్వు రావద్దు. నువ్వు చెప్పాల్సిన చోటు వేరే ఉంది."

అక్కడ ఆయన్ని ఏమన్నారో నాకు పూర్తిగా తెలియదు. తిరిగొచ్చినప్పుడు ఆ తెల్లచొక్కా మొదటిసారి నలిగి ఉంది. ఆ ఏడు ఆ మండలాలకు కంది విత్తనం మాత్రం ఆగలేదు.

పిల్లలూ, ఒక మాట స్పష్టంగా రాస్తాను. వాన లెక్క సరిచేసి నడిపాక పటంలో ఎరుపు తగ్గింది గానీ పోలేదు. రాత్రుల వేడి పెరుగుతోంది, పూత రాలుతోంది. అది అబద్ధం కాదు, ఏ మస్తాన్ భాయ్ రాతా కాదు. నిజమైన కీడును చెప్పాల్సిన వాళ్లం కాబట్టే లేని కీడును చెప్పకూడదు. రెండోసారి వెళ్లేసరికి తలుపు మూసేస్తారు.

నేను చెప్పాల్సిన చోటు

మళ్లీ విత్తనాల వేళకు ఊరికి బయలుదేరాను. బస్సు దిగగానే టీ కొట్టు. తెలిసినవాళ్లు ఐదారుగురు కూర్చున్నారు. వాళ్లలో ఒకడు నవ్వుతూ, "ఏందమ్మా, మా పురుగుల ఎంగయ్య మామను చూసేదానికి వచ్చినావా?" అన్నాడు.

"పురుగులేంది?" అన్నాను.

"నీకు తెల్దా? పోయినేడు కందికి పురుగు పడిందని పచ్చని చేను దున్నిచ్చినాడు. ఊళ్లో ఎవరి చేనికీ పడని పురుగు ఆయన చేనికే పడిందంట. గట్టు అవతల పెండ్లాం చేనికి గూడా పడలే! మామకు మతి పోయిందనుకున్నాం." అందరూ నవ్వారు.

నేను ఇంటికి వెళ్లేసరికి వెంగయ్య విత్తే గొర్రుకు తాడు బిగించుకుంటున్నాడు. తప్పు ఎక్కడ జరిగిందో, ఆదివారాల సంగతీ, అన్నీ చెప్పాను. చేతులు జోడించాను. ఆయన తాడు వదలకుండానే విన్నాడు.

"నేను చెప్తే దున్నినావని ఊళ్లో ఎందుకు చెప్పలేదు పెదనాయనా? ఏడాది పొడుగునా అట్ల నవ్వుతుంటే ఎట్ల పడినావు?"

"చెప్తే ఏమైతాది? నిన్ను నాలుగు తిట్లు తిడతారు. ఆ మీదట నీ మాట ఎవరూ ఇనరు. నువ్వు గూడా సిగ్గుపడి రావడం మానుకుంటావు. ఎండలో చేను దాకా వచ్చే ఆఫీసరు మాకు నువ్వొక్కదానివే గదమ్మా. నన్ను నవ్వితే నవ్వినార్లే, నాకేమన్నా పెండ్లి గావాల్నా?"

"నాకు గూడా బయట చెప్పొద్దన్నాడు" అంది కాశమ్మ లోపల్నుంచి. "నేనైతే దినామూ తిట్టినా. ఇంట్లోనే తిట్టినాలే."

నేను లేచి టీ కొట్టుకు నడిచాను. వద్దమ్మా వద్దమ్మా అంటూ వెంగయ్య వెనకాలే వచ్చాడు. వెనక కాశమ్మ. అందరి ముందూ నిలబడి, ఆ చేను దున్నమన్నది నేనేనని, నా లెక్క తప్పని, పురుగు లేదు ఏమీ లేదని చెప్పేశాను.  టీ కాచే ఆయన పొయ్యి తగ్గించాడు.

ఇందాక నవ్విన మనిషే ముందుగా అడిగాడు. "అయితే పురుగు పడలేదా మామా?"

"నీ బుర్రలో పడింది" అన్నాడు వెంగయ్య. నా మీద కోపంగా, "చెప్పొద్దంటే ఇనవు గదా" అన్నాడు. బల్ల మీద కూర్చుని, పక్కన నాకూ చోటు చూపించాడు. "అది సరే గానీ, ఈ యేడు ఏం ఎయ్యమంటావో చెప్పు."

ఎగతాళేమో అనుకుని ఆయన మొహంలోకి చూశాను. కాదు. కాశమ్మ కూడా కొంగుతో చేతులు తుడుచుకుని వినడానికి నిలబడింది. మిగిలినవాళ్లు కూడా నా వైపే చూస్తున్నారు. ఆ ప్రశ్న ఆ ఊళ్లో నన్ను ఇంకెప్పుడూ అడగరనుకునే బస్సెక్కాను. కళ్లలో నీళ్లు తిరిగాయి. దాచుకోలేదు.

"ఇప్పుడే చెప్పలేను పెదనాయనా" అన్నాను. "కొంచెం టైమియ్యండి."

"వాన పడేదాకా టైముందిలేమ్మా" అన్నాడు వెంగయ్య.